ఒక సీటు, ఇద్దరు ప్రయాణికులు

పెళ్ళివారు వెయ్యిమందికి శుభలేఖలు పంపినా వెయ్యి విస్తళ్ళకు వంట చేయించరు. పిలిచినవారందరూ రారని అనుభవం చెబుతుంది. అంచనా తప్పి జనం ఎక్కువైతే మరో ఎసరు పెట్టి ఇంకొక పంక్తి వేయవచ్చు. విమాన సంస్థలు వేసేదీ ఇటువంటి అంచనాయే. అయితే విమానంలో రెండవ పంక్తి ఉండదు.

టిక్కెట్టు కొన్నవారిలో కొందరు చివరి క్షణంలో ప్రయాణం మానుకుంటారు. కొందరికి మొదటి విమానం ఆలస్యమై రెండవది తప్పిపోతుంది. ఖాళీగా ఎగిరిపోయిన సీటును మరునాడు అమ్ముకోవడం సాధ్యం కాదు. అందుచేత సంస్థలు ఉన్న సీట్లకన్న కొన్ని టిక్కెట్లు ఎక్కువగా అమ్ముతాయి. దీనికే ఓవర్‌బుకింగ్ అని పేరు. అమెరికాలో ఇది చట్టవిరుద్ధం కాదు.

దీనికి ఆధారం సంభావ్యతా గణితం. ఒక విమానంలో 100 సీట్లున్నాయని, ప్రతి ప్రయాణికుడూ వచ్చే అవకాశం 95 శాతమని అనుకుంటే, 100 టిక్కెట్లే అమ్మినప్పుడు సగటున 5 సీట్లు ఖాళీగా పోతాయి. 103 అమ్మితే దాదాపు పది ప్రయాణాలకు ఒకసారి కనీసం ఒక్కరికైనా సీటు దొరకదు. 105 అమ్మితే సగటున వచ్చేవారు నూరుకు లోపే. అయినా ఐదు ప్రయాణాలకు రెండుసార్లు సీట్లు చాలవు. కేవలం రెండు టిక్కెట్ల తేడాతో ప్రమాదం సుమారు నాలుగు రెట్లవుతుంది. పైగా ఈ లెక్క ఎవరి రాక వారిదే అన్న ఊహపై ఆధారపడింది. నలుగురున్న కుటుంబం వస్తే నలుగురూ వస్తారు, మానితే నలుగురూ మానుతారు. అప్పుడు అంచనా మరింత గురి తప్పుతుంది.

ఆ తప్పు భారం ఎవరిది? 1972 ఏప్రిల్ 28న వినియోగదారుల హక్కుల నాయకుడు రాల్ఫ్ నాడర్ వాషింగ్టన్ నుండి హార్ట్‌ఫర్డ్ వెళ్ళవలసియుండగా, రిజర్వేషన్ ఉన్నప్పటికీ అలిఘెనీ ఎయిర్‌లైన్స్ ఆయనను ఎక్కించుకోలేదు. ఓవర్‌బుకింగ్ సంగతి దాచి మోసగించారన్న ఆయన దావా విచారణకు అర్హమైనదేనని 1976లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

పరిష్కారం ఒక అర్థశాస్త్రవేత్తకు అంతకు ముందే తోచింది. అధికారులు ఎవరినో ఒకరిని దింపివేయడం మాని, ఎంత సొమ్ము ఇస్తే ఆగిపోతారో ప్రయాణికులనే అడగాలని జూలియన్ సైమన్ 1968లో ప్రతిపాదించాడు. తొందర లేనివాడు సంతోషంగా ఆగుతాడు. ఆప్తుని చివరిచూపుకు వెళ్ళేవాడు వెళ్ళగలుగుతాడు. పౌర విమానయాన మండలి అధ్యక్షుడు ఆల్ఫ్రెడ్ కాన్ హయాంలో 1978లో ఇది నియమమైంది. విమాన ఛార్జీలపై ప్రభుత్వ నియంత్రణను తొలగించడానికి పాటుపడినవాడు ఆ కానే. ధరలను మార్కెట్టుకు విడిచిపెట్టినవాడు కూడ ఇక్కడ ఒక నిబంధన అవసరమని భావించాడు.

అయినా నిబంధనలో లోటు మిగిలింది. 2017 ఏప్రిల్ 9న చికాగోలో లూయీవిల్ వెళ్ళే యునైటెడ్ ఎక్స్‌ప్రెస్ విమానంలో ప్రయాణికులు కూర్చున్న తరువాత, సంస్థ సిబ్బంది నలుగురికి సీట్లు కావలసివచ్చాయి. 800 డాలర్ల వరకు ఇస్తామన్నా ఎవరూ లేవలేదు. వేలాన్ని అంతటితో ఆపి నలుగురిని ఎంపిక చేశారు. దిగనన్న 69 ఏళ్ళ వైద్యుని భద్రతాధికారులు ఈడ్చివేసిన దృశ్యం ప్రపంచమంతా చూసింది. 2018లో కాంగ్రెస్ చేసిన చట్టం ప్రకారం, గడువులోగా చెకిన్ అయి, గేటువద్ద బోర్డింగ్ పాస్ అంగీకరింపబడిన ప్రయాణికుని సీటు కొరతపేరిట బలవంతంగా దింపరాదు.

ఇష్టం లేకుండా నిలిపివేస్తే, గమ్యం చేరడంలో జరిగే ఆలస్యాన్నిబట్టి ఒకవైపు ఛార్జీకి రెండు లేక నాలుగు రెట్లు చెల్లించాలి. 2025 జనవరిలో సవరించిన గరిష్ఠ పరిమితులు 1,075, 2,150 డాలర్లు. ఆలస్యం గంటలోపైతే పరిహారం లేదు. హక్కులు తెలిపే పత్రం ఇవ్వాలి; వోచరు వద్దని నగదో చెక్కో కోరవచ్చు. ఇది అమెరికానుండి బయలుదేరే విమానాలకే వర్తిస్తుంది. హైదరాబాదునుండి బయలుదేరేవారికి భారత నిబంధనలు వేరు. మనుమలను చూసి తిరుగుప్రయాణమైన తల్లిదండ్రులకు గేటువద్ద ఇంగ్లీషులో వాదించడం కష్టం. వారికి ఈ విషయాలు ముందే చెప్పి పంపడం పిల్లల బాధ్యత.

ఓవర్‌బుకింగ్‌ను పూర్తిగా నిషేధిస్తే ఖాళీ సీట్ల ఖర్చు అందరి టిక్కెట్లపైన పడుతుంది. ప్రభుత్వం ఊరకుంటే నోరులేనివాడే దిగవలసివస్తుంది. ఎన్ని టిక్కెట్లు అమ్మాలో నిర్ణయించడం సంస్థల పని. అంచనా తప్పినప్పుడు నష్టం ప్రయాణికుని నెత్తిన పడకుండ చూడడం ప్రభుత్వం పని. లెక్క తప్పడం సహజమే. తప్పిన లెక్కకు మూల్యం మాత్రం లెక్క వేసినవారే చెల్లించాలి.