సియెనా పురము - గోడమీది పొలము

ఇటలీ దేశమున, ఫ్లారెన్సు నగరమునకు దక్షిణముగా, కొండల మీద సియెనా యను ప్రాచీన పురము గలదు. ఇటీవల మేము దానిని, దాని పరిసర గ్రామసీమను చూచివచ్చితిమి. రైతుసోదరులకు పనికివచ్చు విషయములను మాత్రమే యిచట వ్రాయుచున్నాము.

పట్టణ మధ్యమున విసనకఱ్ఱవలె విచ్చుకొని పల్లమునకు వాలిన కాంపో యను బయలు గలదు. ఇటుకలు పఱచిన యీ బయలు చివర నగరసభా భవనము నిలిచియున్నది. అందు పూర్వము తొమ్మండుగురు పాలకులు కూర్చుండి నగరకార్యములు నడిపిన గదిని చూచితిమి. 1338-39 సంవత్సరములలో అంబ్రోజియో లొరెంజెట్టి యను చిత్రకారుడు దాని గోడలపై మంచి పాలనవలనను, చెడ్డ పాలనవలనను గలుగు ఫలములను చిత్రించెను. ఒక గోడమీద పట్టణద్వారము తెఱచియున్నది. వెలుపల రైతులు దున్నుచున్నారు, విత్తుచున్నారు, కోయుచున్నారు, కళ్ళమున కఱ్ఱలతో ధాన్యమును కొట్టుచున్నారు. బరువులతో గాడిదలు పట్టణమునకు పోవుచున్నవి. ఎదుటి గోడమీద భూములు బీళ్ళు; పల్లెలు పాడుపడియున్నవి; సాయుధులే తిరుగుచున్నారు. పాలకుడు తలయెత్తినపుడెల్ల, తన తీర్పు పొలమున నెట్లు పండునో యీ గోడలు చూపుచుండెడివి.

మఱునాడు ఆగ్నేయముగా క్రేతె యను బంకమట్టి కొండలలోనికి పోయితిమి. గోధుమ పొలములు, ద్రాక్షతోటలు, ఆలివు చెట్లు కంటికింపుగా నుండెను. గుట్టల మీద అక్కడక్కడ పెద్ద యిండ్లు కన్పట్టెను. ఇవి ధనికుల మేడలు గావు; మెజ్జాద్రియా యను పద్ధతిని సేద్యము చేసిన కుటుంబముల నివాసములు. మన సంగోరు వంటిదే యది. భూస్వామి భూమిని, ఇంటిని ఇచ్చును, ఇంటిల్లిపాది కష్టపడును, పంట చెఱిసగము. పండుగలకు కోళ్ళను, గ్రుడ్లను వేఱుగా సమర్పించుట వాడుక. పంట చెడిన యేట తన సగము తిండికి చాలక, రైతు భూస్వామికే అప్పుపడెడివాడు. ఈ పద్ధతి శతాబ్దములు నడచెను. 1964లో క్రొత్త ఒప్పందములను చట్టము నిషేధించెను. మిగిలినవానిని కౌలుగా మార్చుటకు 1982లో మఱియొక చట్టము వచ్చెను. అంతకుముందే పెక్కు కుటుంబములు పొలము విడిచి పట్టణములకు పోయినవి. వారి యిండ్లలో అనేకములు నేడు యాత్రికుల బసలైనవి. మేమును అట్టి యొక యింట ఒక రాత్రి గడపితిమి. మేము పరుండిన గది పూర్వము ఎడ్లకొట్టము.

అచట పరుండి, గోడమీది కళ్ళమును తలంచుకొంటిమి. అందు ధాన్యమున్నది, ఆ రాశిలో ఎవరి పాలెంతయో గోడ చెప్పదు. దారులు క్షేమముగా నుండుట, రైతు నిర్భయముగా విత్తుకొనుట మంచి పాలనకు గుఱుతులే, సందేహము లేదు. కాని అంతమాత్రమున రైతు గాదె నిండదు. నిండియున్నచో ఆ కుటుంబములు తరతరముల యిండ్లను విడిచి యేల పోవును?

కావున, సభ్యులారా, మన సంఘపు వార్షిక లెక్కలు చదువునపుడు సరకెంత వచ్చెనని మాత్రమే గాక, పండించినవాని చేతికెంత చేరెనని కూడ అడుగుడు.