రూపాయికి వందల కాయిన్లు వస్తే చవకేనా? సున్నాల వెనకున్న లెక్క

పోయిన నెల మా ఖాలా ఇంట్లో దావత్. భోజనాలయ్యాక ఖాలా కొడుకు ఫోన్ చూపించి, "భాయ్, పదివేలు పెట్టి పదిహేను లక్షల కాయిన్లు కొన్న. ఒక్కోటి రూపాయి అయితే చాలు, పదిహేను లక్షలు" అన్నాడు. మరి బిట్‌కాయిన్ ఎందుకు కొనలేదురా అంటే, "ఒక్కటి కొనాలన్నా అంత డబ్బు ఎక్కడిది?" అన్నాడు. ఆ పదివేలు అక్క నిఖా కోసం దాచినవాటిలోంచి తీసినవి.

వాడు లెక్కల్లో మొద్దేం కాదు. బాగా చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడే జారుతున్నారు. చిన్న ముక్క ధర తక్కువ కనిపిస్తే వస్తువే చవక అనుకోవడం, కొంటే పూర్తిగా ఒకటి కొనాలనుకోవడం మన మనసుకున్న అలవాటు. దీనికి 'యూనిట్ బయాస్' అని పేరు.

మొదట ఆ 'ఒక్కటి' సంగతి. బిట్‌కాయిన్లు మొత్తం 2.1 కోట్లకు మించి రావు. కానీ ఒక్కోదాన్ని 10 కోట్ల ముక్కలు చేయొచ్చు. ఆ ముక్క పేరు సతోషి. బిట్‌కాయిన్ ధర 80 లక్షలు అనుకుందాం. అప్పుడు ఒక సతోషి 8 పైసలు. 500 రూపాయలు పెడితే 0.0000625 బిట్‌కాయిన్ అని చూపిస్తే మొహం వాడిపోతుంది. అదే 6,250 సతోషీలు అంటే మొహం వెలుగుతుంది. వస్తువు అదే, డబ్బూ అదే. బంగారం దగ్గర మనకు ఈ ఇబ్బంది లేదు. తులం కొనలేకపోతే గ్రాము కొంటాం. గ్రాము వెండి చవక కాబట్టి రేపు బంగారం ధరకు చేరుతుందని ఎవరూ అనరు కదా!

ఇక 'రూపాయి అయితే చాలు' అనే మాట. షిబా ఇనూ అనే కాయిన్ తీసుకోండి. 2020లో దాన్ని మొదలుపెట్టినప్పుడే పది కోట్ల కోట్ల కాయిన్లు పుట్టించారు. అందులో 410 లక్షల కోట్ల కాయిన్లను 2021లో ఇథీరియం స్థాపకుల్లో ఒకరైన విటాలిక్ బుటెరిన్ ఎవరికీ అందకుండా చేసేశారు. ఇంకా 589 లక్షల కోట్లు మిగిలాయి. ఒక్కోటి రూపాయి కావాలంటే వాటన్నిటి విలువ 589 లక్షల కోట్ల రూపాయలు కావాలి. మన దేశం మొత్తం ఏడాది జీడీపీయే 300 లక్షల కోట్ల పైచిలుకు! ఇప్పటిదాకా ఆ కాయిన్ ఒక్క పైసాను కూడా దాటలేదు. డోజ్‌కాయిన్‌కైతే అసలు హద్దే లేదు, ఏటా 500 కోట్లు కొత్తగా వస్తూనే ఉంటాయి.

పెళ్లిలో ఒక దేగ్ బిర్యానీని వంద ప్లేట్లకు పంచినా, వెయ్యి ప్లేట్లకు పంచినా దేగ్ పెరగదు. ప్లేటు రేటు తగ్గిందని మురిసిపోతే ముద్ద కూడా దక్కదు.

కాయిన్ తయారుచేసేవాళ్లకు ఈ మనస్తత్వం బాగా తెలుసు. ధరలో అన్ని సున్నాలు ఉండటం ఊరికే జరగలేదు. బిట్‌కాయిన్ వాళ్లలోనూ ఈ చర్చ ఉంది. సతోషీనే 'బిట్‌కాయిన్' అని పిలిస్తే జనం భయపడరని 2025లో ఒక ప్రతిపాదన కూడా వచ్చింది. రిజర్వ్ బ్యాంక్ మాత్రం ఇంకో దారి పట్టింది. 2022 డిసెంబర్ 1న సామాన్యుల కోసం ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన ఈ-రూపాయిని మనకు తెలిసిన నోట్లు, నాణేల విలువల్లోనే ఇచ్చింది. కొత్త లెక్క నేర్చుకునే పని లేదు. జనం కొత్త లెక్కకు అంత తొందరగా అలవాటు పడరు మరి. 1957లో ఆణాలు పోయి నయా పైసలు వచ్చాయి. ఇన్నేళ్లయినా మన నోట్లో 'చారాణా కోడికి బారాణా మసాలా' పోలేదు.

కాబట్టి కాయిన్ ఒక్కోటి ఎంత అని కాదు, మొత్తం ఎన్ని ఉన్నాయి, ఇంకా ఎన్ని రాబోతున్నాయి అని అడగండి. కాయిన్ల సంఖ్యను ధరతో గుణిస్తే వచ్చేదే మార్కెట్ క్యాప్. పోల్చాల్సింది దాన్నే. పన్ను కూడా మరిచిపోవద్దు. లాభం మీద 30 శాతం కట్టాలి. ఒక కాయిన్‌లో నష్టాన్ని ఇంకో దాని లాభంలోంచి తీసేయనివ్వరు.

"నీ కాయిన్లు మొత్తం ఎన్నున్నాయి?" అని మా వాణ్ణి అడిగాను. ఫోన్‌లో వెతికి, వేలు పెట్టి సున్నాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మధ్యలో ఆగి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. ఖాలా చాయ్ తెచ్చి పెట్టినా తల ఎత్తలేదు.