ఫార్మాట్ కొట్టే ముందు

పాత విండోస్ కంప్యూటర్ ఒక పొద్దున ఉన్నట్టుండి మూగబోతుంది. స్పీకర్లు బాగానే ఉంటాయి, పాట మాత్రం వినిపించదు. ఇంకోచోట ప్రింటర్‌కి కరెంటు ఉంటుంది, కేబుల్ ఉంటుంది, ప్రింటర్ల జాబితా మాత్రం ఖాళీ. మరోచోట నెట్ కేబుల్ దగ్గర దీపం మిణుకుమంటూనే ఉన్నా ఒక్క పేజీ తెరుచుకోదు. రిపేరు షాపుకి మోసుకెళ్తే తరచుగా వినిపించే తీర్పు ఒకటే: "ఫార్మాట్ కొట్టేద్దాం సార్." చాలాసార్లు అంతదాకా వెళ్ళనక్కర్లేదని నా గట్టి నమ్మకం. మొదటి కేసులో విండోస్ ఆడియో, రెండో కేసులో ప్రింట్ స్పూలర్, మూడో కేసులో డీహెచ్‌సీపీ క్లయింట్ అనే సర్వీస్ ఆగిపోయి ఉండవచ్చు. దాన్ని మొదట ఉన్న స్థితికి తెస్తే చాలు.

ఫార్మాట్ అంటే జంకడానికి మనవాళ్ళకు మంచి కారణమే ఉంది. తెలుగు డీటీపీ సెంటర్లలో ఏళ్ళ తరబడి పని నడిచింది పేజ్‌మేకర్, అను ఫాంట్ల మీదే. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. శుభలేఖలు, కరపత్రాలు, మొత్తానికి మొత్తం పుస్తకాలు యూనికోడ్ కాని ఆ అక్షరాల్లోనే నిలవ ఉన్నాయి. విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ మద్దతు 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కి 2020 జనవరి 14న ముగిసినా, ఆ ఫైళ్ళ కోసమే పాత యంత్రాన్ని కాపాడుకుంటున్నవాళ్ళు ఉన్నారు. దాన్ని తుడిచేస్తే సీడీలు, లైసెన్సు నంబర్లు మళ్ళీ వెతుక్కోవాలి. అవి దొరక్కపోతే పని ఆగినట్టే.

సర్వీస్ అంటే తెరమీద కిటికీ లేకుండా వెనక నడిచే ప్రోగ్రాం. మీరు పాస్‌వర్డ్ కొట్టకముందే వీటిలో చాలావాటి పని మొదలవుతుంది. వీటిని లేపేది, ఆపేది, పడిపోతే ఏం చేయాలో చూసేది సర్వీస్ కంట్రోల్ మేనేజర్. 1993లో వచ్చిన విండోస్ ఎన్‌టీ 3.1 నుంచీ అది ఉంది. ఏ సర్వీస్‌ని ఎప్పుడు లేపాలన్నది, విండోస్ తన అమరికలు రాసుకునే రిజిస్ట్రీలో సర్వీసెస్ అనే శాఖ కింద రాసి ఉంటుంది. ప్రతి సర్వీస్‌కీ అక్కడ 'స్టార్ట్' అనే చిన్న విలువ. 0, 1 అయితే అవి డ్రైవర్లవి, వాటి జోలికి పోవద్దు. 2 అంటే ఆటోమేటిక్, 3 అంటే మాన్యువల్, 4 అంటే డిసేబుల్డ్. మీ కంప్యూటర్ మూగబోవడానికి ఒక్కోసారి 2 ఉండాల్సినచోట 4 ఉండటమే కారణం.

ఇక్కడ చాలామంది తడబడేది మాన్యువల్ దగ్గర. మనం వెళ్ళి మీట నొక్కితేనే లేస్తుందని అనుకుంటారు. నిజానికి దాని అవసరం పడిన మరో ప్రోగ్రాం పిలిచినా అది లేస్తుంది. విండోస్ ఇన్‌స్టాలర్ మొదటినుంచీ మాన్యువలే. మీరు సెటప్ ఫైలు మీద క్లిక్ చేసినప్పుడు లేచి, పని అయ్యాక ఆగిపోతుంది. కాబట్టి 'ఆగి ఉంది' అన్న మాట చూసి కంగారుపడి మాన్యువల్‌వన్నీ ఆటోమేటిక్ చేయడం దిద్దుబాటు కాదు, ఇంకో తప్పు. డిసేబుల్డ్ సంగతి వేరు. ఎవరు పిలిచినా అది లేవదు, పిలిచినవాడికి 1058 అనే ఎర్రర్ నంబరు చేతిలో పెడుతుంది.

అసలు ఇవి చెదిరేది ఎలా? ఎక్స్‌పీ రోజుల్లో ఇళ్ళలో 128 ఎంబీ, 256 ఎంబీ ర్యామ్‌తో కంప్యూటర్లు ఉండేవి. సిస్టమ్ స్లో అయిందంటే 'అక్కర్లేని సర్వీసులు ఆపేయండి' అనే సలహా అన్నిచోట్లా దొరికేది. ఆపేయాల్సినవాటి జాబితాలు చేతులు మారేవి. వాటివల్ల మిగిలే మెమరీ చాలాసార్లు కొద్దిపాటిదే, ఎందుకంటే మైక్రోసాఫ్ట్ చాలా సర్వీసులను 'ఎస్‌వీసీ హోస్ట్' అనే ఉమ్మడి ప్రోగ్రాంలో గుంపులుగా నడిపేది. గుంపులో ఒకటి ఆగినా ఆ ప్రోగ్రాం నడుస్తూనే ఉంటుంది. ఆరు నెలల తర్వాత ఎప్పుడో స్కానర్ పనిచేయకపోతే, దానికీ ఆనాటి జాబితాకీ ఉన్న సంబంధం ఎవరికీ గుర్తుండదు.

రెండో దారి వైరస్. 2008 నవంబరులో బయటపడ్డ కాన్‌ఫికర్ కంప్యూటర్‌లోకి చొరబడగానే విండోస్ అప్‌డేట్, అప్‌డేట్లను దించే బిట్స్, సెక్యూరిటీ సెంటర్ సర్వీసులను ఆపి డిసేబుల్ చేసేది. తనను పట్టించే, తీసేసే అప్‌డేట్లు రాకుండా చూసుకోవడమే దాని ఉద్దేశం. యాంటీవైరస్ ఆ పురుగును పట్టి తీసేసినా, అది మార్చిన 4 చాలాసార్లు 4గానే మిగిలిపోయేది. తర్వాత వచ్చిన జీరో యాక్సెస్ ఇంకా మొరటుది. విండోస్ 7లో ఫైర్‌వాల్‌కి ఆధారమైన బేస్ ఫిల్టరింగ్ ఇంజిన్ లాంటి సర్వీసుల రిజిస్ట్రీ శాఖలనే తుడిచేసేది. అప్పుడు నంబరు దిద్దుదామన్నా దిద్దడానికి అక్కడ ఏమీ ఉండదు. అదే విండోస్, అదే ఎడిషన్, అదే సర్వీస్ ప్యాక్ ఉన్న ఆరోగ్యమైన కంప్యూటర్‌లోంచి ఆ శాఖను ఎక్స్‌పోర్ట్ చేసి తెచ్చుకోవాలి.

అంత పట్టింపుగా 'అదే' అనడానికి కారణం ఉంది. సర్వీసులన్నిటినీ వరసగా చూపే సర్వీసుల కిటికీలో 'అన్నీ మొదటిలాగా చెయ్యి' అనే మీట ఎక్కడా లేదు. అలాంటి మీట పెట్టాలంటే అందరికీ వర్తించే ఒకే జాబితా ఉండాలి, అది లేదు. హోమ్ ఎడిషన్‌కీ ప్రొఫెషనల్‌కీ సర్వీసుల్లో తేడా ఉంది. మీరు పెట్టుకున్న ప్రింటర్, యాంటీవైరస్, డేటాబేస్ తమ సర్వీసులను తామే చేర్చుకుంటాయి. ఒకే ఎక్స్‌పీలో కూడా డిఫాల్ట్ కాలంతో మారింది. 2001లో మెసెంజర్ అనే సర్వీస్ ఆటోమేటిక్. ఆఫీసు నెట్‌వర్క్‌లో ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి చిన్న సందేశం పంపడానికి పెట్టారు. ప్రకటనలవాళ్ళు దాన్ని ఇంటర్నెట్ మీదుగా వాడుకుని జనం తెరలమీద సందేశాలు కుమ్మరించారు. 2003లో దానిలో భద్రతా లోపం కూడా బయటపడింది. 2004 ఆగస్టులో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2 దాన్ని డిసేబుల్ చేసి, ఫైర్‌వాల్‌ను ఆటోమేటిక్ చేసింది. ఇప్పుడు ఎవరైనా 2001 నాటి జాబితా చూసి 'ఒరిజినల్' అమరిక తెచ్చామనుకుంటే, మూసిన తలుపు మళ్ళీ తీసినట్టే. అన్ని సర్వీసులనూ ఒక్క క్లిక్‌తో రీసెట్ చేస్తామనే బ్యాచ్ ఫైళ్ళను నేను నమ్మను. అది ఏ ఎడిషన్‌కి, ఏ సర్వీస్ ప్యాక్‌కి రాసిందో తేలనంతవరకు దాన్ని నడపకూడదు.

మంచి సంగతేమిటంటే, మీ కంప్యూటర్‌కే చెందిన పాత అమరిక ప్రతులను విండోస్ తనలోనే దాచుకుంటుంది. ఒక్కో ప్రతికి ఒక్కో ఆయుష్షు. అన్నిటికంటే తక్కువ ఆయుష్షుది 'లాస్ట్ నోన్ గుడ్'. రిజిస్ట్రీలో మనకు కనిపించే కరెంట్ కంట్రోల్ సెట్ నిజానికి ఒక గురుతు మాత్రమే. అసలు సెట్లు 001, 002 లాంటి నంబర్లతో పక్కపక్కన ఉంటాయి. ఏది ఇప్పుడు నడుస్తోంది, ఏది కిందటిసారి బాగా నడిచింది అన్నది సెలెక్ట్ అనే చిన్న శాఖలో రాసి ఉంటుంది. కంప్యూటర్ సరిగా లేచి మీరు లాగిన్ అయ్యారంటే, విండోస్ 'ఇది మంచి అమరిక' అని తీర్మానించుకుని పాత ప్రతిని వదిలేస్తుంది. అందువల్ల ఏదో సర్వీస్ మార్చి రీస్టార్ట్ చేశాక తేడా కనిపిస్తే, పాస్‌వర్డ్ కొట్టకముందే ఆగాలి. మళ్ళీ రీస్టార్ట్ చేసి, విండోస్ బొమ్మ రాకముందే ఎఫ్8 నొక్కి, ఆ పాత ప్రతిని ఎంచుకోవాలి. 'ఒకసారి లోపలికి వెళ్ళి చూద్దాం' అని లాగిన్ అయ్యారా, ఆ అవకాశం పోయింది. ఎక్స్‌పీలోనూ 7లోనూ ఇదే పద్ధతి.

సిస్టమ్ రిస్టోర్ ప్రతులు ఇంకొంచెం ఎక్కువ కాలం ఉంటాయి, కానీ ఎక్స్‌పీలో ఆ సదుపాయాన్ని ఆపేస్తే పాత రిస్టోర్ పాయింట్లన్నీ చెరిగిపోతాయి. 'వేగం కోసం' చాలామంది మొదట ఆపింది దాన్నే. విండోస్ 7 మరో ప్రతిని రెగ్‌బ్యాక్ అనే ఫోల్డరులో పది రోజులకోసారి తీసి పెడుతుంది. ఎక్స్‌పీలో విండోస్ ఫోల్డరు కింద రిపేర్ అనే ఫోల్డరు ఉంటుంది. అందులో ఇన్‌స్టాల్ అయిన తొలినాటి రిజిస్ట్రీ పడుకుని ఉంటుంది. దాన్ని తిరిగి పెడితే ఆ తర్వాత వేసిన సాఫ్ట్‌వేర్లన్నిటినీ విండోస్ మరిచిపోతుంది గనుక, కంప్యూటర్ అసలు లేవని స్థితిలోనే అటు చూడాలి.

ఏ ప్రతీ దొరకనప్పుడు చేత్తో దిద్దుకోవాలి. ముందు ఇప్పుడున్న స్థితినే, అది చెడ్డదైనా సరే, సర్వీసెస్ శాఖ మొత్తంగా ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. తర్వాత ఎంఎస్ కాన్ఫిగ్ చూడండి. అక్కడ టిక్కు తీసి ఆపిన సర్వీసుల పాత విలువలను ఆ ప్రోగ్రాం వేరేచోట దాచిపెడుతుంది. నార్మల్ స్టార్టప్ ఎంచుకుంటే అవి వెనక్కి వస్తాయి. అప్పటికీ కుదరకపోతే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సిస్టమ్ చిట్టాలో సర్వీస్ కంట్రోల్ మేనేజర్ రాసినవి చదవండి. 7000 నంబరు కింద ఏ సర్వీస్ లేవలేదో ఉంటుంది. 7001 కింద అది ఎవరి మీద ఆధారపడి లేవలేకపోయిందో ఉంటుంది. నా దృష్టిలో మొత్తం మరమ్మతులో విలువైన క్షణం ఇదే.

ఎందుకంటే సర్వీసులు ఒకదాని భుజం మీద ఒకటి నిలబడతాయి. ఎక్స్‌పీలో విండోస్ ఆడియో లేవాలంటే ప్లగ్ అండ్ ప్లే, ప్రోగ్రాంల మధ్య మాటలు మోసే ఆర్‌పీసీ రెండూ నడుస్తూ ఉండాలి. తెరమీద 1068 ఎర్రర్ కనిపిస్తే, మీరు లేపబోతున్న సర్వీస్‌లో లోపం లేదు, దాని ఆధారంలో ఉందని అర్థం. వేరు ఎండిన చెట్టుకి ఆకుల మీద నీళ్ళు చల్లితే ఏం లాభం? సర్వీస్ ప్రాపర్టీస్‌లో డిపెండెన్సీస్ అనే ట్యాబ్ పట్టుకుని అడుగుకు దిగుతూ పోవాలి, అడుగునుంచి పైకి దిద్దుకుంటూ రావాలి. ఒక్కసారికి ఒక్కటే మార్చి రీస్టార్ట్ చేయాలి.

అట్టడుగున ఉండేది ఆర్‌పీసీ. దాన్ని డిసేబుల్ చేస్తే సర్వీసుల కిటికీయే పనిచేయకుండా పోవచ్చు, ఆ కిటికీ కూడా ఆర్‌పీసీ ద్వారానే మాట్లాడుతుంది కనుక. అప్పుడు రిజిస్ట్రీలో దాని స్టార్ట్ విలువను 2 చేయాలి, లేదా ఎక్స్‌పీ సీడీతో రికవరీ కన్సోల్‌లోకి వెళ్ళి ఎనేబుల్ అనే కమాండుతో లేపాలి. 2003 ఆగస్టులో బ్లాస్టర్ పురుగు దాడి చేసినప్పుడు ప్రపంచమంతా చూసిన ఆ అరవై సెకన్ల కౌంట్‌డౌన్ కూడా ఆర్‌పీసీదే. అది కూలితే కంప్యూటర్ రీస్టార్ట్ అవ్వాలన్నది దాని రికవరీ ట్యాబ్‌లోని డిఫాల్ట్. కాబట్టి డిఫాల్ట్ అంటే ఆటోమేటిక్, మాన్యువల్ మాత్రమే అనుకోకూడదు. పడిపోతే ఏం చేయాలి, ఏ ఖాతా పేరుతో నడవాలి అన్నవీ అందులో భాగమే. చాలా సర్వీసులకు ఆ ఖాతా లోకల్ సిస్టమ్, కొన్నిటికి లోకల్ సర్వీస్ లేదా నెట్‌వర్క్ సర్వీస్. ఇది మారినా సర్వీస్ లేవకపోవచ్చు.

కమాండు ద్వారా మార్చేవాళ్ళకు ఒక చిన్న జాగ్రత్త. ఎస్‌సీ కాన్ఫిగ్ వాడేటప్పుడు 'స్టార్ట్' పక్కనే ఈక్వల్ గుర్తు, ఆ గుర్తు తర్వాత తప్పనిసరిగా ఒక ఖాళీ ఉండాలి. ఆ ఖాళీ వదలకపోతే కమాండు పనిచేయదు. మాన్యువల్‌కి అక్కడ వాడే మాట 'డిమాండ్'.

చేత్తో దిద్దలేనంత చెదిరితే, ఫార్మాట్‌కి ముందు ఇంకో మెట్టు ఉంది. ఎక్స్‌పీ సీడీ నుంచి రిపేర్ ఇన్‌స్టాల్, విండోస్ 7లో అయితే విండోస్ లోపలినుంచే సెటప్ నడిపి అప్‌గ్రేడ్ ఎంచుకోవడం. రెండూ సిస్టమ్ ఫైళ్ళను, సర్వీసులను కొత్తగా వేసి, మీ ఫైళ్ళను, ప్రోగ్రాంలను అలాగే ఉంచుతాయి. అయినా ముందు బ్యాకప్ తీసుకోండి.

ఒక సర్వీస్ విషయంలో మాత్రం డిఫాల్ట్‌ని అలాగే తెచ్చుకోవాలని నేను అనను. దాని పేరు సర్వర్. ఫైళ్ళు, ప్రింటర్లు పక్క కంప్యూటర్లతో పంచుకోవడానికి అది కావాలి, అందుకే డిఫాల్ట్‌గా ఆటోమేటిక్. కాన్‌ఫికర్ చొరబడింది ఆ సర్వీస్‌లోని లోపంలోంచే. 2017 మేలో వచ్చిన వాన్నాక్రై పురుగు కూడా ఫైళ్ళు పంచుకునే ఆ దారినే వాడుకుంది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని అప్పుడు దాని బారిన పడ్డాయి. మద్దతు ముగిసి మూడేళ్ళయినా మైక్రోసాఫ్ట్ ఎక్స్‌పీకి అప్పుడు ప్రత్యేకంగా ప్యాచ్ ఇచ్చింది. మీ పాత యంత్రంలో ఆ ప్యాచ్ ఉందో లేదో ముందు చూడండి. ఉన్నా సరే, అది ఒంటరిగా పేజీలు కూర్చి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే యంత్రమైతే, మిగతావన్నీ మొదటి స్థితికి తెచ్చాక సర్వర్‌ని డిసేబుల్డ్‌లోనే ఉంచి, నెట్ కేబుల్ పీకేయండి.