ఒళ్ళు తగ్గించే ఆపరేషన్ తరువాత కండ్లు తిరిగితే
(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



భోంచేసి రెండు గంటలయింది. కడుపు నిండిన మనిషే. ఉన్నట్టుండి ఒళ్ళంతా చెమటలు పోసి, చేతులు వణికి, "కండ్లు తిరుగుతా ఉండాయి వదినా, మళ్ళా ఆకలేస్తా ఉంది" అంటే ఇంట్లోవాళ్ళు ఏమనుకోవాలి? బి.పి. పడిపోయిందని ఒకరంటారు, రక్తం లేదని ఒకరంటారు, దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తెచ్చేవారు ఇంకొకరు. ఆ మనిషి ఏడాదో రెండేళ్ళో క్రితం బరువు తగ్గేందుకు కడుపు ఆపరేషన్ చేయించుకుని ఉంటే మాత్రం, ముందుగా అనుమానించవలసింది రక్తంలో చక్కెర తగ్గిపోయిందేమోనని.

ఈ ఆపరేషన్లు ఇప్పుడు కొత్త కాదు. 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో ఎడ్వర్డ్ మేసన్, చికావో ఇటో అనే వైద్యులు గాస్ట్రిక్ బైపాస్ మొదలుపెట్టారు. జీర్ణాశయంలో పైభాగాన్ని కోడిగుడ్డంత సంచిగా మిగిల్చి, దాన్ని నేరుగా చిన్నప్రేవుకు కలుపుతారు. స్లీవ్ అని మరొక రకం ఉంది. అందులో జీర్ణాశయాన్ని చాలావరకు కోసి తీసేసి, అరటికాయలాంటి గొట్టాన్ని మిగులుస్తారు. రెండింటివల్లా బరువు తగ్గుతుంది, చాలామందికి చక్కెర వ్యాధి కూడా అదుపులోకి వస్తుంది. ఆ మేలును కాదనడం నా ఉద్దేశం కాదు.

అయితే జీర్ణాశయం చేసే పని ఒకటుంది, దాన్ని మనం పట్టించుకోం. మా బైరెడ్డిపల్లె వైపు చెరువుల కింద సేద్యం చూసినవాళ్ళకు సులువుగా అర్థమవుతుంది. చెరువులో నీళ్ళు ఎన్ని ఉన్నా తూము కొంచెం కొంచెంగానే వదులుతుంది. జీర్ణాశయం చివర ఉన్న కండరం కూడా అంతే, తిన్నదాన్ని నిదానంగా ప్రేవులోకి వదులుతుంది. బైపాస్‌లో ఆ తూమును దాటించేస్తారు. స్లీవ్‌లో తూము ఉంటుంది గానీ చెరువే చిన్నదై, లోపలికి వచ్చింది వచ్చినట్టు తోసుకుపోతుంది. అన్నం, బెల్లం, కాఫీలోని చక్కెర ఒక్కసారిగా చిన్నప్రేవులో పడి రక్తంలోకి ఎక్కుతాయి. ప్రేవునుంచి జి.ఎల్.పి.-1 అనే హార్మోను హెచ్చుగా ఊరి క్లోమాన్ని తొందరపెడుతుంది. క్లోమం అవసరానికి మించి ఇన్సులిన్ వదులుతుంది. తిన్న చక్కెర అప్పటికే అయిపోయింది, ఇన్సులిన్ పని మాత్రం ఇంకా అయిపోలేదు. అందువల్ల భోజనమైన గంట నుంచి మూడు గంటల లోపల చక్కెర దిగిపోతుంది.

ఇది అందరికీ రాదు. వచ్చినా ఆపరేషన్ అయిన వెంటనే కాక, సాధారణంగా ఏడాది దాటాక మొదలవుతుంది. అందుకే ఇంటివాళ్ళకు దానికీ దీనికీ సంబంధం తోచదు. వైద్యలోకం కూడా దీన్ని గట్టిగా పట్టించుకున్నది 2005లోనే. ఆ ఏడు మేయో క్లినిక్ వైద్యులు బైపాస్ తరువాత ఇలా పడిపోతున్న ఆరుగురి సంగతి ప్రచురించారు. అంతకుముందు కడుపులో పుండుకు ఆపరేషన్ చేయించుకున్నవారిలో ఇలాంటి బాధ ఎరిగినదే. మన పెద్దల్లో అలాంటి ఆపరేషన్ అయినవాళ్ళు "తీపి తింటే నాకు పడదు" అంటూ ఉండేవారు, గుర్తుందా?

గుర్తుపట్టడంలో ఒక తిరకాసు ఉంది. తిన్న అరగంటలోపే కడుపునొప్పి, విరేచనం, గుండెదడ వస్తే అది వేరు. ప్రేవులోకి నీరు ఒక్కసారిగా చేరడంవల్ల వచ్చే బాధ అది. ఆ సమయంలో చక్కెర తక్కువ ఉండదు, కాబట్టి తీపి పెట్టడం దండగ. ఆలస్యంగా వచ్చేదే మన విషయం. మొదట చెమట, వణుకు, దడ, ఆకలి. ఇంకా దిగితే మాట తడబడడం, చూపు మసకబారడం, అడిగినదానికి పొంతన లేని జవాబు, చివరకు స్పృహ తప్పడం. పదేపదే వచ్చేవారిలో ఆ మొదటి హెచ్చరికలు పోయి, నేరుగా మాట తడబడడమే మొదలు కావచ్చు. పొయ్యి దగ్గర ఉన్నప్పుడో స్కూటర్ నడుపుతున్నప్పుడో ఇలా జరిగితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

ఇంట్లో గ్లూకోమీటర్ ఒకటి ఉంటే వాదన తెగిపోతుంది. బాధ వచ్చినప్పుడే వేలినుంచి చుక్క తీసి చూడాలి. బాధ తగ్గాక చూస్తే ప్రయోజనం లేదు. 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే జాగ్రత్త పడాలి. 54 కంటే తగ్గితే తీవ్రమైనదని అర్థం. అంకె బాగానే ఉండి నీరసం మాత్రం వదలకపోతే రక్తహీనతో బి-12 లోపమో అయివుండవచ్చు. ఈ ఆపరేషన్ అయినవారిలో అవీ మామూలే. వాటికి పరీక్షలు వేరు.

చక్కెర తగ్గిందని తేలితే మూడు టీ చెంచాల గ్లూకోజ్ పొడి నీళ్ళలో కలిపి ఇవ్వండి. పదిహేను నిమిషాలయ్యాక మళ్ళీ పరీక్ష చేయండి. ఇంకా తక్కువగానే ఉంటే మరోసారి ఇవ్వాలి. అంతవరకే. మనవాళ్ళ ప్రేమ ఇక్కడే చెడగొడుతుంది. భయంతో లోటాడు పానకం, దానిమీద రెండు లడ్లు పెడతారు. ఆ తీపంతా మళ్ళీ ఒక్కసారిగా ఎక్కుతుంది, మళ్ళీ ఇన్సులిన్, రెండు గంటలకు మళ్ళీ పడిపోవడం. సాయంత్రానికి ఇదే తిరగలి. పైగా తగ్గించుకున్న బరువూ తిరిగి వస్తుంది. గ్లూకోజ్‌తో తేరుకోగానే ఒక ఉడికించిన గుడ్డో, గుప్పెడు చెనక్కాయలో, చిన్న పన్నీరు ముక్కో తినిపిస్తే నిలకడ వస్తుంది. స్పృహ లేని మనిషికి మాత్రం నోట్లో ఏదీ పోయకూడదు. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

ఇంకొక సంగతి చెప్పాలి, ఇది చాలామందికి తెలియదు. ఈ బాధకు వైద్యులు అకార్బోస్ అనే మాత్ర ఇస్తారు, భోజనం మొదటి ముద్దతో వేసుకోవాలి. వోగ్లిబోస్ కూడా ఆ జాతిదే. పిండి పదార్థాలు చక్కెరగా మారడాన్ని ఇవి నెమ్మది చేస్తాయి. కడుపుబ్బరం చేస్తాయి గానీ పని చేస్తాయి. అయితే ఈ మాత్ర వేసుకున్నవారికి చక్కెర పడిపోతే వంటింటి పంచదార త్వరగా పనిచేయదు. పంచదార విడిపోవడాన్ని కూడా ఆ మాత్రే ఆపుతుంది. అందుకని గ్లూకోజే ఇవ్వాలి. పొట్లం ఒకటి చేతిసంచిలో, ఒకటి వంటింట్లో ఉంచుకోవడం మేలు.

ఇక తిండి. మందుకంటే పెద్ద వైద్యం ఇదే, మనకు కష్టమైనదీ ఇదే. పలమనేరు, కుప్పం, బైరెడ్డిపల్లెల వారికి పెద్ద వైద్యమంటే హైదరాబాదుకన్నా బెంగుళూరో వేలూరో దగ్గర. ఆపరేషన్ అక్కడ, సంసారం ఇక్కడ. అక్కడిచ్చిన చీటీలో ఓట్సు, బ్రౌన్ బ్రెడ్డు రాసి ఉంటే, ఇంట్లో మధ్యాహ్నానికి సంగటి కెలికి ఉంటుంది. ఆ చీటీ బీరువాలోకి పోతుంది.

సంగటి మానమని నేననను. కానీ రాగి అనగానే ఎంత తిన్నా షుగరు పెరగదనే నమ్మకం సరికాదు. 100 గ్రాముల రాగిపిండిలో దాదాపు 70 గ్రాములు పిండి పదార్థమే. ఈ బాధ ఉన్నవారికి ఒక భోజనంలో పిండి పదార్థం 30 గ్రాములు, చిరుతిండిలో 15 గ్రాములు దాటకుండా చూడమని సాధారణంగా చెబుతారు. అంటే సంగటి ముద్ద నిమ్మకాయ కంటే కాస్త పెద్దదిగా ఉండాలి, అంతే. పక్కన ఉండవలసింది పప్పు, ఉలవలు, గుడ్డు, చేప, కూరాకు. రాగి అంబలి తాగడం వేరు సంగతి. పలచనిది గొట్టంలో నీళ్ళలాగా జారిపోతుంది గనుక ఇంకా త్వరగా చక్కెర ఎక్కిస్తుంది. చెరుకు రసం, పండ్ల రసం, చక్కెర వేసిన కాఫీ అన్నిటికంటే చెడ్డవి.

తినే వరుస కూడా ముఖ్యమే. మాంసకృత్తులు ముందు, కూర తరువాత, అన్నమో సంగటో చివర. విస్తట్లో మొదట తీపి వడ్డించే మన ఆచారానికి ఇది సరిగ్గా తలకిందులు! నిదానంగా నమిలి తినాలి. భోజనంతోపాటు నీళ్ళు తాగకుండా, అరగంట తేడా ఉంచాలి. రోజుకు మూడు పూటలు నిండుగా కాకుండా, మూడు నాలుగు గంటలకొకసారి కొద్దికొద్దిగా తినాలి. సంక్రాంతి రోజుల్లో మన వైపు పితికిపప్పు చేస్తాం కదా, దానంత మంచి తిండి ఈ మనిషికి దొరకదు. ఉలవ గుగ్గిళ్ళు, పెసరట్టు, ఊరిబిండి, చిక్కటి మజ్జిగ అన్నీ పనికివస్తాయి. రెండు ఇడ్లీలు తింటే పక్కన చెనక్కాయల చట్నీ దండిగా ఉండాలి, లేదా ఒక గుడ్డు. ఓళిగలు మాత్రం పండుగ పూటైనా ఖాళీ కడుపున వద్దు. అంతగా మనసైతే భోజనం చివర చిన్న ముక్క.

ఉపవాసాల సంగతి అడుగుతారు. ఈ జబ్బులో పరగడుపున చక్కెర పడిపోవడం సామాన్యంగా ఉండదు. పగలంతా ఉండి రాత్రి ఒక్కసారిగా పరమాన్నం, పులిహోర తినడమే ముంచుతుంది. ఒకవేళ తెల్లవారుజామునో, ఏమీ తినకుండా ఉన్నప్పుడో అంకె పడిపోతోందంటే అది వేరే కారణం కావచ్చు, క్లోమంలో గడ్డ వంటివి కూడా వెతకవలసి ఉంటుంది. ఆలస్యం చేయకుండా డాక్టరుకు చెప్పాలి. ఆపరేషన్‌కు ముందు చక్కెర వ్యాధికి మందులు వాడినవారు ఇంట్లో మిగిలిన పాత గ్లిమిపిరైడ్ మాత్రలో, ఇన్సులినో తమంతట తాము మొదలుపెట్టడం ప్రాణం మీదికి తెచ్చే పని.

తిండి మార్చి, మాత్ర వేసినా తగ్గకపోతే ఇంకా మందులున్నాయి. కొద్దిమందికి పాత జీర్ణాశయంలోకి గొట్టం వేసి ఆహారం ఇస్తారు. అరుదుగా ఆపరేషన్‌ను వెనక్కు మారుస్తారు. 2005 నాటికి క్లోమంలో కొంతభాగం తీసేసేవారు, ఇప్పుడు దాన్ని చాలావరకు మానుకున్నారు.

చివరగా పడుచు ఆడపిల్లలున్న తల్లులకు, అత్తలకు ఒక మాట. ఆపరేషన్ అయ్యాక ఏడాది, ఏడాదిన్నర వరకు గర్భం రాకుండా చూసుకోమని వైద్యులు చెబుతారు. ఆ తరువాత కడుపుతో ఉన్నప్పుడు, మన ఆస్పత్రుల్లో గర్భిణులందరికీ 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్ళు తాగించి రెండు గంటలకు రక్తం తీసే పరీక్ష చేస్తారు. మామూలు మనిషికి అది ఇబ్బంది లేని పరీక్ష. బైపాస్ అయిన పిల్లకు ఆ గ్లాసే తీవ్రమైన బాధ తెచ్చిపెట్టవచ్చు. నర్సమ్మకు కడుపుమీద చిన్న మచ్చలు చూసి తెలిసేది కాదు, మీరే చెప్పాలి. ఆపరేషన్ పేరు, చేసిన తేదీ ఒక కాగితంపై రాయించి గర్భిణీ కార్డుకు పిన్ను పెట్టండి. దానికి బదులు ఆరేడు నెలల మధ్య ఒక వారంపాటు ఇంట్లోనే పరగడుపునా, భోజనాల తరువాతా గ్లూకోమీటరుతో చూసి రాసిన అంకెలను డాక్టరుకు చూపిస్తే సరిపోతుందేమో అడగండి.