శనివారం రాత్రి లెక్కలు

ఒక కూరగాయల లెక్క చెబుతాం, వినండి. సెరంగూన్ రోడ్డులో గోంగూర కట్ట ధర తెలుసుకోవాలి. ఆధారాలు రెండు ఇచ్చారు. మొదటిది: రెండు గోంగూర కట్టలు, మూడు కరివేపాకు కట్టలు కలిపి 8 డాలర్లు. రెండవది: నాలుగు గోంగూర కట్టలు, ఆరు కరివేపాకు కట్టలు కలిపి 16 డాలర్లు. ధర ఎంత అని అడగడం లేదు సుమండీ. ధర చెప్పడానికి ఈ ఆధారాలు చాలునా, చాలవా అన్నదే ప్రశ్న.

మొదటి శనివారం ఈ లెక్క ముందుకి రాగానే మా నలుగురిలో ముగ్గురం ఒక్క గొంతుతో "చాలు" అనేశాం. తెలియనివి రెండు, సమీకరణాలు రెండు, ఇంకేం కావాలి? ఎంసెట్ రాసి వచ్చిన తరం కదా! నాలుగో ఆవిడ మాత్రం కాగితం వంక కాసేపు చూసి, "అన్నయ్యగారూ, అవి రెండు కావండీ, ఒకటే. ఉన్నదాన్నే రెట్టింపు చేసి రాశారు" అంది. ముగ్గురమూ టీ కప్పులు అందుకున్నాం.

మేము సాధన చేస్తున్నది జీమాట్ పరీక్షకి. ఇక్కడి ఎన్.యు.ఎస్., ఎన్.టి.యు., ఎస్.ఎం.యు. లలో గాని, 2000 సంవత్సరంలో ఇక్కడ క్యాంపస్ తెరిచిన ఇన్‌సియాడ్‌లో గాని, మన హైదరాబాదు ఐ.ఎస్.బి.లో గాని ఎం.బి.ఎ. చదవాలనుకునేవారు ఎక్కువగా రాసేది ఇదే. దీని పుట్టుక 1950ల నాటి అమెరికాలో. జీమాట్ అన్న పేరు 1976లో వచ్చింది. 1997లో కాగితం పోయి కంప్యూటరు వచ్చింది. ఇప్పుడు మూడు భాగాలు, ఒక్కొక్కటి 45 నిమిషాలు: లెక్కలు 21, ఇంగ్లీషు చదివి ఆలోచించేవి 23, డేటా ఇన్‌సైట్స్ 20. మొత్తం 64 ప్రశ్నలు, స్కోరు 205 నుంచి 805 దాకా. సరిగ్గా చేస్తున్న కొద్దీ కంప్యూటరు కఠినమైన ప్రశ్నలు ఇస్తూ పోతుంది, అత్తగారిలాగా.

మా ముగ్గురికీ ఈ పరీక్ష ఒక ముచ్చట. ఉద్యోగాలున్నాయి, సీటు వస్తే సరి, రాకపోతే మరీ మంచిది, డబ్బు మిగులుతుంది. నాలుగో ఆవిడ సంగతి అలా కాదు. ఆవిడ వచ్చింది భర్త వెంట, డిపెండెంట్ పాస్ మీద. ఒకప్పుడు ఆ పాసు ఉన్నవారు యజమాని అనుమతి పత్రం తెచ్చిపెడితే పని చేసుకోగలిగేవారు. ఆవిడా అలాగే ఒక ఆఫీసులో అకౌంట్స్ చూసేది. 2021 మే 1 నుంచి పద్ధతి మారింది. ఉద్యోగం చెయ్యాలంటే తన పేరు మీద వర్క్ పాస్ ఉండి తీరాలి. ఆవిడ అనుమతి గడువు తీరింది, ఉద్యోగం ఆగింది. 2023 సెప్టెంబరు నుంచి కొత్త ఎంప్లాయ్‌మెంట్ పాస్ దరఖాస్తులకి పాయింట్ల పద్ధతి వచ్చింది, అందులో చదువుకీ పాయింట్లు ఉన్నాయి. ఎం.బి.ఎ. చేసినంత మాత్రాన పాసు చేతికి వస్తుందన్న హామీ లేదు. ఫీజు కట్టవలసింది పిల్లల చదువుకని దాచిన డబ్బులోంచి. "ఈ ఆధారాలు చాలునా అండీ?" అని ఆవిడ ఒకసారి నవ్వుతూనే అడిగింది. మాలో ఎవరికీ జవాబు తోచలేదు.

ఇక లెక్కల సంగతి. గోంగూర లెక్క లాంటి వాటిని డేటా సఫిషియెన్సీ అంటారు. జవాబులు ఎప్పుడూ ఐదే: మొదటి ఆధారం ఒక్కటే చాలు, రెండవది ఒక్కటే చాలు, రెండూ కలిస్తేనే చాలు, ఏది విడిగా ఉన్నా చాలు, రెండూ కలిసినా చాలవు. ఇంకొకటి చూడండి. ఇడ్లీ ప్లేటు 5 డాలర్లు, దోసె 7 డాలర్లు. ఎన్ని ఇడ్లీ ప్లేట్లు తెప్పించారు? ఒకటి: బిల్లు 31 డాలర్లు. రెండు: మొత్తం ఐదు ప్లేట్లు. మేము మళ్ళీ సమీకరణాలు రాసి "రెండూ కావాలి" అన్నాం. పక్కన బొమ్మలు గీసుకుంటున్న ఆవిడ కూతురు వేళ్ళ మీద లెక్కపెట్టింది. ఒక దోసె అయితే మిగిలేది 24, రెండయితే 17, మూడయితే 10, నాలుగయితే 3. అయిదుతో పోయేది 10 ఒక్కటే. అంటే రెండు ఇడ్లీ ప్లేట్లు, మూడు దోసెలు. ప్లేటుని ముక్కలు చెయ్యరు గనక మొదటి ఆధారం ఒక్కటే చాలు! ఆ పిల్లది ప్రైమరీ నాలుగు.

ఇంగ్లీషు భాగంలో మమ్మల్ని ముంచింది భాష కాదు, వాదన. ఎం.ఆర్.టి. స్టేషను తెరిచాక పక్క దుకాణంలో అమ్మకాలు పెరిగాయి, కాబట్టి కారణం స్టేషనే అంటాడు. ఈ వాదాన్ని ఏది బలహీనపరుస్తుంది? "అదే నెలలో ఎదురు దుకాణం మూసేశారు" అన్నది జవాబు. మేమేమో ఆ స్టేషను ఏ లైను మీదుందో, అక్కడ అద్దెలెంతో అరగంట తగువులాడుకున్నాం. పేరాలో లేనిది తెచ్చి వాదించడం మనకి వెన్నతో పెట్టిన విద్య, ఇక్కడ దానికి మార్కుల్లేవు.

ఆవిడ ఒక నోట్‌బుక్కు పెట్టింది. తప్పిన ప్రతి ప్రశ్నకీ ఎదురుగా కారణం: తెలియక, తొందరపడి, ప్రశ్న సరిగా చదవక. నెల తిరిగేసరికి సగానికి పైగా మూడో కారణం కిందే తేలాయి. మేమూ ఆ పద్ధతే పట్టుకున్నాం, మా పుస్తకాలు ఇంతకన్నా సిగ్గుచేటు.

పరీక్షకి కూర్చుందామనుకునేవారికి ఒక మాట. బ్రాస్ బాసా కాంప్లెక్సులో చవగ్గా దొరికిన పాత గైడు కొని మాలో ఒకరు మూడు వారాలు త్రిభుజాలూ వృత్తాలూ చేశారు. 2023 నవంబరులో వచ్చిన కొత్త పరీక్షలో జామెట్రీ లేదు, వాక్యాలు దిద్దడం లేదు, వ్యాసమూ లేదు. పరీక్ష పెట్టేవారే రెండు పూర్తి నమూనా పరీక్షలు ఉచితంగా ఇస్తున్నారు. ముందు అవి చెయ్యండి. కాలిక్యులేటరు డేటా ఇన్‌సైట్స్‌లోనే ఇస్తారు, లెక్కల భాగంలో ఎక్కాలే గతి.

మొన్న ఆవిడ పరీక్ష రాసి వచ్చింది. నమూనా పరీక్షలో 645 వచ్చిన మనిషికి అసలు పరీక్షలో 605. లెక్కల భాగంలో చివరి ఐదు ప్రశ్నలకి నాలుగు నిమిషాలే మిగిలాయట. మళ్ళీ రాయాలంటే కనీసం 16 రోజులు ఆగాలి, ఫీజు మళ్ళీ మొదటినుంచీ కట్టాలి. ఆ శనివారం ఆవిడ రాదేమో అనుకుని, కంఠం తగ్గించి మాట్లాడుకుంటూ కూర్చున్నాం. ఏడున్నరకి బెల్లు మోగింది. ఒక చేతిలో పులిహోర డబ్బా, ఇంకో చేతిలో వంటింటి గడియారం.

"ఇవాళ్టి నుంచి ప్రశ్నకి రెండు నిమిషాలేనండీ అన్నయ్యగారూ, కబుర్లు తరువాత" అంది.