అమెరికా తొలి చరిత్ర: కొన్ని మాటలు, వాని అర్థములు

అమెరికా సంయుక్త రాష్ట్రముల తొలి చరిత్రను, ప్రభుత్వ విధానమును చదువు విద్యార్థికి కష్టము తేదీలతో కాదు, మాటలతో. 1776, 1787, 1791 అను సంవత్సరములను ఎట్లో కంఠస్థము చేయవచ్చును. కాని పాఠ్యగ్రంథములోని ముఖ్యపదములలో పెక్కు మనకు పరిచితములే. ఆ పరిచయమే మనలను తప్పుదారి పట్టించుచున్నది. ఇక్కడి వాడుకలోని అర్థమునే అక్కడను నిలుపుదుము. అట్టి మాటలను కొన్నింటిని ఇచ్చట పరిశీలింప దలచితిమి.

మొదటిది చార్టర్. దీనిని తెలుగున అధికారపత్ర మందురు గాని, ఉర్దూ తెలిసిన మన విద్యార్థులకు 'సనదు' అనినంతనే బోధపడును. పాలకుడు ఒకరికి కొన్ని హక్కుల నొసగుచు వ్రాసియిచ్చు పత్రమది. 1600లో ఎలిజబెత్ రాణి ఈస్టిండియా కంపెనీకి ఇచ్చినది ఒకటి; 1629లో మొదటి చార్లెస్ రాజు మసాచుసెట్స్ బే కంపెనీకి ఇచ్చినది మరియొకటి. ఈ రెండవ కంపెనీవారు తమ సనదును ఓడలో అమెరికాకు తీసికొని పోయి, దానినే తమ పరిపాలనకు మూలముగా చేసికొనిరి. మొదటి కంపెనీ మనకు తెలియనిది కాదు. 1766లో నిజాం అలీఖాన్‌తో ఒడంబడిక చేసికొని ఉత్తర సర్కారులను పొందినది అదియే. 1773 డిసెంబరు 16న బోస్టన్ రేవులో నీటిపాలైన 342 పెట్టెల తేయాకును ఆ కంపెనీదే. అందుకు శిక్షగా బ్రిటిషు పార్లమెంటు 1774లో మసాచుసెట్స్ సనదును మార్చివైచెను. ఇచ్చినవారు తమ యిష్టము వచ్చినట్లు మార్చగల పత్రము హక్కులకు రక్షణ యగునా? ఈ ప్రశ్న వలననే, ప్రజల పేర వ్రాయబడి, సామాన్య శాసనముతో మార్చ వీలులేని రాజ్యాంగ మను భావము అక్కడ బలపడినది.

కాంగ్రెస్ అను మాట విషయమున దీర్ఘచర్చ అక్కరలేదు. మనకది 1885లో పుట్టిన రాజకీయ సంస్థ. ఫిలడెల్ఫియాలో 1774లో చేరినది వలస ప్రాంతముల ప్రతినిధుల సమావేశము మాత్రమే. 1789 నుండి అదే పేరు సెనేట్, ప్రతినిధుల సభ అను రెండు సభలు గల శాసనసభకు చెల్లినది. ప్రశ్నపత్రములో ఈ మాట కనబడినప్పుడు ఏ సంవత్సరపు కాంగ్రెసో మొదట చూచుకొనవలెను.

ఇక స్టేట్. అన్నిటికంటె ఎక్కువ చిక్కు దీనితోనే. మనము 'రాష్ట్రము' అని అనువదించి ముందునకు సాగుదుము. కాని 1776లో స్వాతంత్ర్యము ప్రకటించుకొన్న 13 వలసలు తమను రాష్ట్రములుగా గాక రాజ్యములుగా భావించుకొనినవి. 1781లో అమలులోనికి వచ్చిన సమాఖ్య ఒడంబడికలో ప్రతి స్టేటునకు సార్వభౌమత్వము నిలిచియే యున్నది. కాంగ్రెసుకు పన్ను విధించు అధికారము లేదు. ఒడంబడికను సవరింప వలెనన్న పదమూడును సమ్మతింపవలెను. ఉర్దూలోని 'రియాసత్' ఇచ్చట కొంత మేలు. హైదరాబాదు కుటుంబములలో ఆ మాట 1948 వరకు నున్న ఆసఫ్‌జాహీ ప్రభుత్వమును స్ఫురింపజేయును. రాష్ట్రము కంటె పెద్దదను భావమైన కలుగును.

1787 రాజ్యాంగముతో ఈ రాజ్యములు తమ అధికారములో కొంత వదలుకొనినవి, కొంత నిలుపుకొనినవి. నిలుపుకొన్న దెంతయో తెలియుటకు ఒక ఉదాహరణము చాలును. అక్కడ ఒక స్టేటు భూభాగము నుండి మరియొక స్టేటును ఏర్పరుప వలెనన్న, కాంగ్రెసు సమ్మతితో పాటు ఆ స్టేటు శాసనసభ సమ్మతియు కావలెను. 1792లో కెంటకీ ఏర్పడినది వర్జీనియా సమ్మతి మీదనే. మన రాజ్యాంగము 3వ అధికరణము ప్రకారము శాసనసభ అభిప్రాయమును కోరుట చాలును. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పునర్విభజన బిల్లును తిరస్కరించినను, పార్లమెంటు ఆ బిల్లును ఆమోదించెను, తెలంగాణ అవతరించెను. ఏది మేలను వాదములోనికి మేము పోము. రెండు చోట్లను రాష్ట్రమను మాటకు బరువు ఒక్కటి కాదని మాత్రము గుర్తింపవలెను.

ఫాక్షన్ అనగానే మనకు రాయలసీమ గ్రామకక్షలు మనసున మెదలును. జేమ్స్ మాడిసన్ 1787 నవంబరులో ప్రకటించిన పదవ ఫెడరలిస్టు వ్యాసములో దాని అర్థము వేరు. ఇతరుల హక్కులకు గాని, సమాజ శ్రేయస్సునకు గాని విరుద్ధమైన కోరికతో ఒక్కటైన జనసమూహమే ఫాక్షన్. ఆ సమూహము మైనారిటీ కావచ్చును, మెజారిటీయు కావచ్చును. ఎక్కువమంది కలసినంత మాత్రమున వారి కోరిక న్యాయము కాదని చెప్పిన ఈ నిర్వచనమును మన కళాశాల వంటి చోట చదువువారు రెండు మారులు చదువవలెను. అయితే మాడిసన్ కాపాడదలచిన కొద్దిమందిలో ఆస్తిపరులు ముఖ్యులని మరువరాదు. మన 30వ అధికరణము వలె అల్పసంఖ్యాక వర్గములకు విద్యాసంస్థల నేర్పరచుకొను హక్కును పేర్కొన్న నిబంధన వారి రాజ్యాంగమున లేదు. 1791 నాటి మొదటి సవరణ మతస్వేచ్ఛను రక్షించునే గాని, వర్గముల పేరెత్తదు.

కడపటి మాట చూచుటకు మిక్కిలి సులభమైనది: పర్సన్, అనగా వ్యక్తి. 1787 రాజ్యాంగములో బానిస అను పదము ఎచ్చటను కానరాదు. ప్రతినిధుల సభలో స్థానములను పంచుటకు స్వేచ్ఛగల వారి సంఖ్యకు 'ఇతర వ్యక్తుల'లో అయిదింట మూడు వంతులు కలుపవలెనని వ్రాసిరి. ఆ ఇతర వ్యక్తులే బానిసలు. 1790 జనాభా లెక్కలలో వారు దాదాపు 7 లక్షలు. అయిదింట మూడు వంతుల ఓటు వారికి లభించినదని కొందరు విద్యార్థులు వ్రాయుదురు, అది పొరపాటు. వారికి ఓటే లేదు. వారిని లెక్కించినందున పెరిగినది వారి యజమానుల రాష్ట్రములకు వచ్చు స్థానముల సంఖ్య. మనుష్యులు ఆస్తి యగుదురను భావమును రాజ్యాంగములో చేర్చుట తగదని ఆ సభలోనే మాడిసన్ పలికెను. ఆయనయు బానిసల యజమానియే. దాస్య మను మాట ఆ రాజ్యాంగములో మొదటిసారి చోటుచేసికొనినది 1865లో, దానిని రద్దుచేసిన 13వ సవరణలో.