ఆటగాడు లేని పాత్ర

నాటకమునందు ద్వారపాలకుని వేషము కట్టుటకు ఎవరును ముందుకు రారు. రెండు మాటలు పలికి, తలవంచి, తెరచాటునకు పోవలసిన ఆ వేషమును తుదకు మొగమాటము గల కుర్రవాని కెవనికో అంటగట్టుదురు. అమెరికాలో పుట్టిన ఒక ఆటలో మాత్రము ఇట్టి చిన్న వేషములన్నియు ఒక్కని నెత్తిననే పడును.

ఆ ఆట తీరు ఇది. నలుగురయిదుగురు బల్ల చుట్టును కూర్చుందురు. వారిలో ఒకడు సూత్రధారి. తక్కినవారు ఒక్కొక్క వీరుని పాత్రను ధరింతురు. “ఎదుట నది యున్నది, చీకటి పడుచున్నది” అని సూత్రధారి చెప్పును. “పడవవానిని పిలిచెదము” అని వారందురు. ఫలితము సందిగ్ధమైనచోట పాచికలు వేసి తేల్చుకొందురు. వ్రాసిపెట్టిన సంభాషణ లేదు, ప్రేక్షకులు లేరు. ఆ వీరులు తప్ప ఆ లోకమున నున్న సమస్త జనమును, అనగా పడవవాడు, పూటకూళ్ళమ్మ, దొంగ, మంత్రి, రాజు మున్నగు వారినందరిని, సూత్రధారియే పలికింపవలెను. వీరిని ఆ ఆటవారు ‘నాన్ ప్లేయర్ క్యారెక్టర్లు’ అందురు. నేను ఉపపాత్రలనియే వ్యవహరించెదను.

చిత్రమేమనగా, ఈ ఆట పుట్టుకయే ఉపపాత్రల వలన జరిగినది. 1969లో మిన్నెసోటా రాష్ట్రపు జంటనగరములలో డేవిడ్ వెస్లీ అను యువకుడు నెపోలియను కాలపు యుద్ధక్రీడ నొకదానిని సిద్ధపరచెను. అట్టి క్రీడలలో అంతవరకు ఆటగాడనగా సేనాపతియే. వెస్లీ రెండు సైన్యముల నడుమ బ్రౌన్‌స్టైన్ అను కల్పిత పట్టణము నుంచి, ఆ పట్టణపు నగరాధ్యక్షుడు, బ్యాంకు యజమాని, విశ్వవిద్యాలయాధికారి మొదలగు వేషములను కొందరు మిత్రుల కిచ్చెను. సైన్యములు తలపడుటకు ముందే ఈ పట్టణవాసులు తమ తమ ప్రయోజనములకై మంతనము లాడుచు, కుట్రలు పన్నుచు, ఆటను సూత్రధారి చేయి దాటించిరి. ఆట చెడిపోయెనని వెస్లీ తలచెను. మిత్రులు మాత్రము మరల ఆడవలెనని పట్టుబట్టిరి. ఆ బృందమునకు చెందిన డేవ్ ఆర్నెసన్, విస్కాన్సిన్‌లోని లేక్ జెనీవా నివాసి గేరీ గైగాక్స్ కలసి రచించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ 1974లో అచ్చయ్యెను.

ఆ తొలి ప్రచురణలోనే నాకు మిక్కిలి నచ్చిన ఏర్పాటొకటి కలదు. దారిలో ఎదురైన జీవి మనోభావము తెలియనపుడు రెండు పాచికలు వేయవలెను. మొత్తము 2 మొదలు 5 వరకు వచ్చినచో ప్రతికూలము. 6 మొదలు 8 వరకు సందిగ్ధము. 9 మొదలు 12 వరకు అనుకూలము. రెండు పాచికలు 36 విధములుగా పడును గదా! అందు ప్రతికూలము 10, అనుకూలము 10, సందిగ్ధము 16. (లెక్కల మాస్టర్లు ఈ లెక్కను పిల్లలచేత చేయింపవచ్చును.) ఎదుటివాడు శత్రువగుటకంటెను, మిత్రుడగుటకంటెను, మనము మాటాడువరకు ఎటును తేల్చుకొననివాడుగా నుండుటయే తరచు జరుగునన్నమాట.

అయినను పాచిక మనోభావమును చెప్పును గాని దాని కారణమును చెప్పదు. 1979లో గైగాక్స్ రచించిన ‘ది కీప్ ఆన్ ది బోర్డర్‌లాండ్స్’ అను సాహసకథలో సరిహద్దు కోట యొకటి యున్నది. అందు కమ్మరి, వర్తకుడు, పూటకూటి యజమాని, దుర్గాధిపతి, అందరును కలరు. ఎవని బలమెంతో, ఎవని ఇంట సొమ్మెంతో వివరముగా వ్రాసినారు. పేర్లు మాత్రము లేవు; పెట్టుకొనుట సూత్రధారి పని. పేరు లేకుండుట పెద్ద కొరతయని నేననుకొనను. ఆ కమ్మరికి ఏమి కావలెనో తెలియకపోవుటయే కొరత. సొమ్ము లెక్క మాత్రమే తెలిసిన ఇంటిని దోచుకొను బుద్ధి వీరులకు పుట్టుటలో వింత యేమున్నది?

హిక్‌మన్ దంపతులు 1983లో వెలువరించిన ‘రేవన్‌లాఫ్ట్’ దారి వేరు. అందలి స్ట్రాడ్ అను రక్తపిపాసి ప్రభువు వీరులు వచ్చువరకు ఒక గదిలో కాచుకొని కూర్చుండడు. అతనికి తన పని యున్నది. ఆ పని యేమో ఆటకు ముందు పేకముక్కలు తీసి నిర్ణయింతురు. కావున ఒకమారు ఆడినవానికిని రెండవమారు అతడు క్రొత్తవాడే. మనకీ సంగతి తెలియనిది కాదు. మంథర దాసియే. కౌసల్య చేతికి పెత్తనము పోయినచో తన యేలికసానితోపాటు తన బ్రతుకును దిగజారునను భయమే ఆమె చేత అంత పని చేయించెను.

మన నదియొద్దకు పోదము. పడవవానికి గడ్డము, గొంగళి, బొంగురు గొంతు ఇచ్చి ఊరకున్నచో, వీరులడుగు నాలుగవ ప్రశ్నకే అతడు మూగవోవును. రంగస్థలము మీది ద్వారపాలకుని “నీకు పిల్లలెందరు?” అని ఎవరు నడుగరు, ఈ ఆటలో అడుగుదురు. కావున అతనికి మాటలు వ్రాసిపెట్టి లాభము లేదు. చీకటిపడిన పిమ్మట పడవ విప్పనని అతని పట్టుదల యనుకొనుడు. దొంగలలో గలిసిన తమ్ముడు ఆ వేళకు ఆవలి యొడ్డున అన్నము కొరకు వేచియుండును. తమ్ముని పట్టియిచ్చినచో బహుమానము వచ్చును. పడవ కొన్న అప్పు ఇంకను తీరలేదు. ఇక వీరులేమడిగినను జవాబు దొరకును. కూలి రెట్టింపు చేసెదమన్నచో తడబడును. దొంగల జాడ యడిగినచో మాట మార్చును. కత్తి చూపినచో పడవ నడుపును గాని, నట్టనడి నదిలో దగ్గినట్లు దగ్గి తమ్ముని హెచ్చరించును.

రచయితలకుండు జబ్బే సూత్రధారులకును కలదు. తానెంతో ముచ్చటపడి సృష్టించిన మాంత్రికుడో సేనానియో ప్రతి ఆపదలోను ప్రత్యక్షమై వీరులను గట్టెక్కించును. ఆ దినము నుండి ఆటగాండ్రు ప్రేక్షకులగుదురు. కొన్ని వారములకు రాకయే మానుదురు. పడవవాడు ఓడిపోవచ్చును, అబద్ధమాడి పట్టుబడవచ్చును, చనిపోవనువచ్చును. అందుకు సిద్ధపడలేని సూత్రధారి కథ వ్రాసికొనుట మేలు.

తరగతిలో ఈ ఆటను పూర్తిగా ఆడించుటకు సమయము చాలదు. కాని రచనా పాఠమునాడు ఒక విద్యార్థిని పడవవానిగా కూర్చుండబెట్టి, అతని కోరికను అతని చెవిలో మాత్రమే చెప్పి, తక్కినవారిచేత ప్రశ్నలు వేయింపవచ్చును. పది నిమిషములు చాలును.

ఆట ముగిసిన రాత్రియే సూత్రధారి జరిగినదంతయు పుస్తకమున వ్రాసికొనవలెను. వీరులు తిరుగు ప్రయాణమున ఆ రేవునకే వత్తురు. తామాడిన ప్రతి మాటయు వారికి జ్ఞాపకముండును. పడవవాని పుటలో ఎక్కువ అక్కరలేదు: కూలి బాకీ రెండు వెండి నాణెములు, తమ్ముడు కనబడి మూడు దినములైనది.